దెబ్బ వెనుక దాగిన జబ్బు

(శతవార్షికోత్సవ సభలలో మూడవ దినము మధ్యాహ్నము జరిగిన ఆరోగ్య కూటములో చేసిన ప్రసంగ పాఠము)



ఈ కూటములో మాట్లాడమని కార్యదర్శిగారు నాకు ఉత్తరము వ్రాసినప్పుడు కొంత ఆశ్చర్యపడినాను. నేను వైద్యుడను కాను. వేదాంత కళాశాలలో నాకు గ్రీకు నేర్పినారు, ప్రసంగము తయారు చేయుట నేర్పినారు, రోగిని పరామర్శించునప్పుడు ఎంతసేపు కూర్చొనవలెనో కూడ నేర్పినారు. మనిషి తలలో ఏమి జరుగుతున్నదో కనిపెట్టుట నేర్పలేదు. అయినను ఒప్పుకొన్నాను. ఎందుకనగా ఒక సంగతి చాల కాలముగా నా మనస్సులో బరువుగా ఉన్నది. అది నలుగురిలో చెప్పుకొనవలసిన సంగతి. చెప్పుకొనిన యెడల ఏ గ్రామములోనైనా ఒక ఇంటికి మేలు కలుగవచ్చును. ఇందులోని వైద్య విషయములను మన సంఘ సభ్యుడైన ఒక డాక్టరుగారు ముందుగా చదివి సరిచూసినారు. తప్పొప్పుల బాధ్యత మాత్రము నాదే.

నేను ఒక గ్రామ సంఘములో కాపరిగా ఉన్న రోజులు. అక్కడ ఒక తాపీ మేస్త్రీ ఉండేవాడు. నలుబదియేండ్లు దాటని మనిషి. ఆదివారము ఆరాధనలో డోలక్ వాయించేవాడు. పాట ఎవరు ఎత్తుకొన్నా, ఎంత శ్రుతి తప్పినా, అతని చేతి దెబ్బ పడగానే సంఘమంతా దారిలోకి వచ్చేది. గుడి ప్రహరీగోడ కట్టినప్పుడు కూలి తీసుకొనలేదు. అటువంటి మనిషి.

ఒక సంవత్సరము వేసవిలో అతని తాళము తప్పసాగినది. కుడిచేయి బాగానే పడేది, ఎడమచేయి వెనుకబడేది. ఒకటి రెండు ఆదివారములు నవ్వుకొన్నాము. మూడవ ఆదివారము అతడు మధ్యలోనే డోలక్ ప్రక్కకు పెట్టి తల వంచుకొని కూర్చున్నాడు. ఉదయముననే తలనొప్పి అనేవాడు. నడకలో ఎడమకాలు కొంచెము ఈడ్చేవాడు. ఊరిలో మాట పుట్టినది, మేస్త్రీ మళ్ళీ త్రాగుచున్నాడని. పెండ్లికి ముందు ఆ అలవాటు ఉండినది గనుక ఆ మాటకు రెక్కలు వచ్చినవి. ఇద్దరు పెద్దలు నా యొద్దకు వచ్చి, "అయ్యగారూ, ఒక మాట హెచ్చరించండి" అన్నారు. నేను హెచ్చరించినాను. అతడు కాదనలేదు, అవుననలేదు. "నేను ముట్టలేదండీ" అని మాత్రము అన్నాడు. ఆ నెల ప్రభురాత్రి భోజనమునకు అతడు ముందుకు రాలేదు. రమ్మని నేనును పిలువలేదు.

తరువాత ఒకనాడు పరంజా మీద నుండి వెనుకకు పడినాడు. పెద్ద ఎత్తు కాదు. తల వెనుక భాగము ఇటుకల కుప్పకు తగిలినది. ఆటోలో పట్టణమునకు తీసుకొనిపోయినాము. అయిదు కుట్లు వేసినారు, స్కానింగు తీసినారు. మెదడు ముందు భాగములో కుడి ప్రక్కన రక్తము కమిలినదని, ఆపరేషను అక్కరలేదని, మాత్రలు వాడి నెల దినముల తరువాత మరల స్కానింగు తీయించుకొనవలెనని చెప్పినారు. వెనుక తగిలితే ముందు ఎందుకు కమిలినదని నేను అడిగినాను. మెదడు పుర్రెలో కదిలి ఎదుటి ప్రక్కకు కొట్టుకొనునని ఆ డాక్టరుగారు ఓపికగా చెప్పినారు. ఆ మాట నిజమే. అట్లు జరుగుట సాధారణమే.

మాత్రలు వాడిన పది దినములు తల తేలికపడినది. మేము సంతోషించినాము. ఆ తరువాత నొప్పి తిరిగి వచ్చినది. నెల దాటినది. రెండవ స్కానింగుకు డబ్బు కావలెను. అతని భార్య నా యొద్దకు వచ్చి అడిగినది: "అయ్యగారూ, మళ్ళీ తీయించమంటారా? పడకముందు నుంచే ఆయన చెయ్యి పట్టు తప్పుతోందండీ. చెంబు జారవిడిచేవాడు."

ఆమె ఆ మాట నాకు చెప్పినది. నా చెవులతో విన్నాను. "తలకు దెబ్బ తగిలినదమ్మా, నెమ్మదిగా తగ్గుతుంది. ప్రార్థన చేద్దాము" అన్నాను. ప్రార్థన చేసి పంపినాను. ప్రార్థనలో తప్పు లేదు. కాని ఆ దినమున ఆమె అడిగిన ప్రశ్నకు ప్రార్థనను జవాబుగా ఇచ్చినాను. అది నా తప్పు.

మూడు నెలలు గడచిన తరువాత ఒక రాత్రి అతనికి మూర్ఛ వచ్చినది. ఈసారి పెద్ద ఆసుపత్రికి తీసుకొనిపోయినాము. అక్కడ మెదడు వైద్యుడు స్కానింగు చూచుటకు ముందే కుర్చీ దగ్గరకు జరుపుకొని ఆ తల్లిని ఒక ప్రశ్న అడిగినాడు: "అమ్మా, పడకముందు రెండు నెలలు ఎట్లా ఉన్నాడు?" ఆమె చెంబు సంగతి చెప్పినది. నేను డోలక్ సంగతి చెప్పినాను. చెప్పుచుండగానే నాకు అర్థమైనది. అతడు పడినందువలన జబ్బు రాలేదు. జబ్బు ఉన్నందువలన పడినాడు. ఎం.ఆర్.ఐ. తీసి, ఆపరేషను చేసి, ముక్క పరీక్ష చేసినారు. కమిలిన రక్తము అనుకొన్న చోట కంతి ఉన్నది. ఆ కంతిలో నుండి కొంత రక్తము కారినందున అది దెబ్బ వలన కమిలినట్లే కనబడినది.

ప్రియులారా, ఇప్పుడు ఆ సంగతి ఎట్లు జరుగునో కొంచెము వివరించెదను.

మన పుర్రె గట్టి ఎముకల పెట్టె. పెద్దవారిలో అది సాగదు. అందులో మూడు వస్తువులు ఉన్నవి. సుమారు 1,300 నుండి 1,400 గ్రాముల మెదడు, దాని చుట్టును లోపలను సుమారు 150 మిల్లీలీటర్ల నీటివంటి ద్రవము, నాళములలో పారు రక్తము. నాలుగవది ఏదైనా అందులో చేరిన యెడల, అది కంతి అయినా, గడ్డకట్టిన రక్తమైనా, చీము అయినా, మొదట ద్రవము ప్రక్కకు తొలగి చోటిచ్చును. ఆ చోటు నిండిన తరువాత మెదడు నలుగును. అందుచేత లోపల చేరినది ఏదైనా బయటకు కనబడు గురుతులు ఒకే రకముగా ఉండును: తలనొప్పి, వాంతి, మత్తు, చూపు మసక, ఒక ప్రక్క చేయి కాలు పట్టు తప్పుట. ఇంటిలో అందరు ఒకే తలుపు తట్టినట్లు. తట్టినది ఎవరో శబ్దమును బట్టి చెప్పలేము, తలుపు తీసి చూడవలెను.

దెబ్బకు, కంతికి ఉన్న పెద్ద భేదము కాలములో ఉన్నది. దెబ్బ ఒక గడియలో తగులును. దాని కష్టము మొదట ఎక్కువగా ఉండి, చాలమందిలో దినదినమునకు తగ్గును. కంతి కష్టము నెమ్మదిగా మొదలై వారము వారమునకు పెరుగును. అయితే ఈ నియమమునకు మినహాయింపులు ఉన్నవి. కంతిలో హఠాత్తుగా రక్తము కారిన యెడల కష్టము ఒక్క క్షణములోనే వచ్చును. కంతి వలన వచ్చిన మొదటి మూర్ఛలోనే మనిషి పడి తల పగులగొట్టుకొనవచ్చును. అప్పుడు అందరి కన్ను గాయము మీదనే ఉండును. నెత్తురు కనబడుచున్న చోటును విడిచి, కనబడని చోటును ఎవరు వెదకుదురు?

స్కానింగులో కూడ ఇదే చిక్కు. మందు ఎక్కించకుండ తీసిన సి.టి. స్కానింగులో క్రొత్త రక్తము తెల్లగాను, చుట్టును వాపు నల్లగాను కనబడును. దెబ్బ వలన కమిలిన చోటు అట్లే ఉండును. రక్తము కారిన కంతియు అట్లే ఉండవచ్చును. పైగా దెబ్బ వలన మెదడు కమిలేది ఎక్కువగా ముందు భాగములోను, కణతల వైపునను. కంతి ఆ చోటనే ఉన్న యెడల వైద్యుడు పొరబడుటలో ఆశ్చర్యము లేదు. అందుకే మొదట చూచిన ఆ డాక్టరుగారిని నేను నిందించను. ఆయన చేతిలో గాయపడిన మనిషి ఉన్నాడు, గాయమునకు తగినట్లున్న ఫిలిము ఉన్నది. ఆయన నెల దినములకు మరల రమ్మని కూడ చెప్పినారు. ఆ మాటలో గొప్ప వైద్యమున్నది. కమిలిన చోటు వారములు గడచుకొలది కరగిపోవును, చుట్టు వాపు తగ్గును. కంతి అట్లే నిలుచును, లేదా పెరుగును. కాలమే అక్కడ సాక్షి. ఆ సాక్షిని పిలువకుండ ఆపినవారము మేము.

అనుమానము తీరనప్పుడు నరమునకు మందు ఎక్కించి స్కానింగు తీయుదురు, ఎం.ఆర్.ఐ. తీయుదురు. అప్పటికిని తేలనప్పుడు, మానుచున్న గాయము కూడ ఒక్కొక్కసారి కంతివలె వెలుగుచు కనబడును గనుక, చివరి మాట ముక్క పరీక్షదే.

ఈ పొరపాటు మన ఊరిలోనే జరిగినది కాదు. చరిత్రలో ఒక ప్రసిద్ధ దృష్టాంతము ఉన్నది. అమెరికా దేశములో లెనార్డ్ వుడ్ అను సేనాధిపతి ఉండెను. ఆయన వైద్యము చదివి సైన్యములో చేరినవాడు. క్యూబా దీవిలో అధికారిగా ఉన్న దినములలో ఆయన తల పైన వ్రేలాడు దీపముల గుత్తికి గట్టిగా తగిలినది. తరువాత తలపై ఎముక ఉబ్బసాగినది. ఎడమకాలికి తిమ్మిరి, ఈడ్పులు వచ్చినవి. 1905లో బోస్టనులో ఒక శస్త్రచికిత్స జరిగినది గాని పూర్తిగా గుణము కాలేదు. 1910లో హార్వే కుషింగ్ అను మెదడు శస్త్రవైద్యుడు బాల్టిమోరులో ఆపరేషను చేసి కంతిని తీసివేసినాడు. అది మెదడును కప్పియున్న పొరలలో పుట్టి నెమ్మదిగా పెరుగు జాతి కంతి. దానికి "మెనింజియోమా" అను పేరును 1922లో కుషింగే పెట్టినాడు. లెనార్డ్ వుడ్ ఆ ఆపరేషను తరువాత అమెరికా సైన్యమునకు ప్రధానాధికారిగా పనిచేసినాడు, 1920లో అధ్యక్ష పదవికి తన పార్టీ తరఫున అభ్యర్థిత్వము కోరి పోటీ చేసినాడు, ఆ మీదట ఫిలిప్పీన్సు దీవులకు గవర్నరు జనరలుగా ఉన్నాడు. కంతి మరల పెరిగి, 1927 ఆగస్టులో కుషింగ్ చేతనే మరియొక ఆపరేషను జరిగిన తరువాత చనిపోయినాడు. అయినను మొదటి ఆపరేషను ఆయనకు 17 సంవత్సరముల పని దినములను ఇచ్చినది.

దీపము తగిలినందుననే కంతి పుట్టినదని ఆ కాలములో పలువురు నమ్మినారు. మన ఊళ్ళలో కూడ, "చిన్నప్పుడు తలకు దెబ్బ తగిలినది, అదే ఇప్పుడు గడ్డ అయినది" అని తల్లులు తమను తాము నిందించుకొనుట నేను విన్నాను. ఆ తల్లులకు ఒక మాట చెప్పవలెను. డెన్మార్కు దేశములో 1977 మొదలు 1992 వరకు తలకు దెబ్బ తగిలి ఆసుపత్రిలో చేరిన రెండు లక్షలకు పైబడిన మనుష్యుల లెక్కలను పరిశీలించి 1998లో ప్రకటించినారు. దెబ్బ తగిలిన మొదటి సంవత్సరములో మెదడు కంతులు మామూలు కంటె చాల ఎక్కువగా బయటపడినవి. ఆ తరువాతి సంవత్సరములలో ఆ ఎక్కువ దాదాపు కనబడలేదు. దాని భావమేమి? దెబ్బ కంతిని పుట్టించుట లేదు. అప్పటికే ఉన్న కంతి మనిషిని పడవేసినది, లేదా దెబ్బ కొరకు తీసిన స్కానింగులో అంతకు ముందున్న కంతి కనబడినది. కాబట్టి ఏ తల్లియు, బిడ్డ చేయి జారి పడినందుకు ఈ జబ్బు వచ్చినదని ఏడువనక్కరలేదు.

ఇప్పుడు మనకు యంత్రములు ఉన్నవి. యంత్రములు లేని దినములలో ఏమి చేసేవారో తలంచుకొనిన యెడల మనకు బుద్ధి వచ్చును. 1884 నవంబరులో లండనులో రిక్మన్ గాడ్లీ అను శస్త్రవైద్యుడు ఒక యౌవనుని మెదడులోని కంతిని తీసివేసినాడు. అప్పటికి ఎక్సురే కూడ పుట్టలేదు, అది 1895లో వచ్చినది. మరి కంతి ఎక్కడ ఉన్నదో ఎట్లు తెలిసినది? హ్యూస్ బెన్నెట్ అను వైద్యుడు రోగి మాట విని తెలిసికొన్నాడు. ఏ వ్రేలు మొదట లాగినది, ఏ ప్రక్క మొదట బలము తగ్గినది, ఏది తరువాత వచ్చినది అని వరుసగా అడిగి, ఫలానా చోట ఉన్నదని గురి చూపినాడు. పుర్రె తెరచిన యెడల అక్కడనే ఉన్నది. ఆ రోగి సుమారు నెల దినములకు గాయము చెడి చనిపోయినాడు గాని, వినుట వలన కంతి చోటు తెలిసికొనవచ్చునని లోకమునకు రుజువైనది. సి.టి. స్కానింగు 1971 అక్టోబరు 1న లండను దగ్గర ఒక ఆసుపత్రిలో మొదటిసారి రోగికి తీసినారు. ఆ మొదటి రోగియు మెదడు కంతి అనుమానముతో వచ్చిన స్త్రీయే. దానిని నిర్మించిన హౌన్స్‌ఫీల్డ్‌కు 1979లో నోబెల్ బహుమానము వచ్చినది. మన దక్షిణ దేశములో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో 1949లో డాక్టర్ జేకబ్ చాందీ మెదడు శస్త్రచికిత్స శాఖను ఆరంభించినారు. భారతదేశములో అదే మొదటిది. ఇట్టి దీవెనలు మన కాలమునకు దొరికినవి. కాని ఏ యంత్రమును, "పడకముందు ఎట్లా ఉన్నాడు?" అని అడుగదు. అది మనిషి అడుగవలసిన ప్రశ్న.

దీనికి మారుగా జరుగు సంగతి కూడ చెప్పి, మిమ్మును భయములో నుండి కొంత తప్పించెదను.

మరియొక సంఘములో ఒక పెద్దమ్మ ఉండేది. డెబ్బది దాటినది. మాట తడబడసాగినది, మనుమల పేర్లు మరచినది, కుడికాలు ఈడ్చినది, మధ్యాహ్నమంతా నిద్ర. కొందరు ముసలితనము అన్నారు. కొందరు తలలో గడ్డ, ఇక ఆశ లేదు అన్నారు. ఆమె కుమారుడు వైద్య ఖర్చుకు భయపడి ఇంటిలోనే ఉంచుటకు సిద్ధపడినాడు. అప్పటికి మేస్త్రీ సంగతి నాకు పాఠము నేర్పియున్నది. నేను కోడలిని అడిగినాను: "అమ్మా, ఈ రెండు మూడు నెలలలో ఎప్పుడైనా తల తగిలిందా?" ఆమె ఆలోచించి, "క్రిస్మసుకు ముందు దొడ్డిగుమ్మం తగిలిందండీ, బొప్పి కూడా కట్టలేదు" అన్నది.

వృద్ధులలో మెదడు కొంచెము కుంచించుకొనును. మెదడుకును పై పొరకును నడుమ ఉన్న సన్నని రక్తనాళములు సాగియుండును. చిన్న తాకిడికి అవి తెగి, రక్తము బొట్టు బొట్టుగా చేరి, వారములు గడచిన తరువాత మెదడును నొక్కును. రక్తము పలుచబడుటకు మాత్రలు వాడువారికి ఈ ప్రమాదము ఇంకను ఎక్కువ. అప్పటికి తగిలిన దెబ్బ ఎవరికిని జ్ఞాపకముండదు. స్కానింగులో అదే తేలినది. పుర్రెకు చిన్న రంధ్రము చేసి ఆ పాత రక్తమును తీసివేసినారు. ఆమె గుడ్ ఫ్రైడే ఆరాధనకు తన కాళ్ళతో నడచి వచ్చినది. ఒక ఇంటిలో దెబ్బ అనుకొన్నది కంతి. ఇంకొక ఇంటిలో కంతి అనుకొన్నది దెబ్బ. రెండు చోట్లను దారి చూపినది యంత్రము కంటె ముందు ఒక ప్రశ్న.

కాబట్టి నేను మిమ్మును కోరునది ఇది. ఎవరైనా పడి తలకు దెబ్బ తగిలినప్పుడు కుటుంబములోనివారు ఒక కాగితము మీద కొన్ని సంగతులు వ్రాసి వైద్యునికి ఇవ్వండి. జారి పడినాడా, కాలు తట్టుకొన్నదా, లేక కారణము లేకుండ పడినాడా? పడకముందు కన్నులు తేలవేయుట, చేయి కాలు కొట్టుకొనుట ఎవరైనా చూచినారా? పడుటకు ముందు వారములలో తలనొప్పి, వాంతి, చూపు మసక, మాట తడబాటు, చేయి కాలు బలహీనత, స్వభావములో మార్పు ఏమైనా ఉన్నదా? పడిన తరువాత కష్టము దినదినమునకు తగ్గుచున్నదా, పెరుగుచున్నదా? రోగి వాడు మాత్రలు ఏవి? ఈ అయిదు సంగతులు వ్రాయుటకు చదువు అంతగా అక్కరలేదు. వ్రాయలేనివారికి మన యౌవనులు వ్రాసి పెట్టవలెను. మరల రమ్మని చెప్పిన తేదీని గోడ క్యాలెండరు మీద గుండ్రముగా గీయండి. నొప్పి తగ్గినదని ఆ తేదీని మానుకొనవద్దు.

దెబ్బ తగిలిన వెంటనే తెలివి తప్పినా, వాంతులు ఆగకపోయినా, చెవి ముక్కుల నుండి నెత్తురు గాని నీరు గాని కారినా, మత్తు పెరిగినా, మూర్ఛ వచ్చినా, ఒక కంటి పాప పెద్దదై కనబడినా, తెల్లవారువరకు ఆగవద్దు. ఆ రాత్రియే బయలుదేరవలెను. దెబ్బ లేకపోయినను, పెద్ద వయసులో మొదటిసారి మూర్ఛ వచ్చిన యెడల, గాలి సోకినదని తాయెత్తులకు తిరుగక, ప్రార్థన చేసి ఊరకుండక, స్కానింగు తీయించవలెను. ఉదయమున ఎక్కువగా ఉండి వారము వారమునకు పెరుగు తలనొప్పి, వాంతితో కూడిన తలనొప్పి కూడ అట్టివే. కాని ఈ మాట కూడ వినండి. తలనొప్పులలో కంతి వలన వచ్చునవి బహు కొద్ది. నా ప్రసంగము విని ఈ రాత్రి తలపట్టుకొని నిద్ర మానుకొనవద్దు. ఒక గురుతు కాదు, గురుతులు కూడి పెరుగుచున్నవా అని చూడవలెను.

సంఘము చేయవలసిన పని ఒకటి ఉన్నది. ప్రతి గురుమండలములో కానుకలలో నుండి కొంత సొమ్మును రెండవ పరీక్ష కొరకు వేరుగా ఉంచవలెనని నా మనవి. మొదటి పరీక్షకు బంధువులు పరుగెత్తి డబ్బు తెత్తురు. నెల గడచిన తరువాత రోగి లేచి తిరుగుచుండగా రెండవ పరీక్షకు ఎవరును అప్పు ఇవ్వరు. నేడు మన రాష్ట్రములలో ప్రభుత్వ ఆరోగ్య పథకముల క్రింద పెద్ద ఆపరేషనులకు సహాయము దొరకుచున్నది. కాని జబ్బు పేరు తేలువరకు అగు చిన్న ఖర్చుల యొద్దనే బీదవాడు ఆగిపోవుచున్నాడు. మేస్త్రీ ఆగిపోయినది అక్కడనే.

పుట్టు గ్రుడ్డివానిని చూచి శిష్యులు ఎవరి పాపమని అడిగినారు. ప్రభువు ఆ ప్రశ్నను త్రోసివేసి, చేయవలసిన పని చేసినారు. నేను శిష్యుల ప్రశ్న దగ్గరనే ఆగిపోయినాను. తాళము తప్పినప్పుడు ఎందుకని అడుగక, త్రాగినాడని నమ్మినాను.

మేస్త్రీ ఆపరేషను తరువాత ఒక సంవత్సరము మూడు నెలలు జీవించినాడు. ముందుగా వచ్చియుండిన యెడల బ్రతికియుండునా అని నేను ఆ వైద్యుని అడిగినాను. ఆ జాతి కంతి చెడ్డదని, ప్రాణము సంగతి తాను చెప్పలేనని, ఎడమచేయి మాత్రము ఇంకను కొంతకాలము పనిచేసియుండునని ఆయన అన్నారు. ఆ జవాబు నాకు ఓదార్పు కాదు, నింద కాదు. దానిని అట్లే మోయుచున్నాను.

ఇంటికి వచ్చిన మొదటి ఆదివారము నేను అతని గుడిసెకు పోయి క్షమించుమని అడిగినాను. పెద్దలు ఇద్దరును నాతో వచ్చినారు. రొట్టెయు ద్రాక్షారసమును వెంట తీసుకొనిపోయినాను. అతడు చాలసేపు మాట్లాడలేదు. తరువాత భార్యను పిలిచి, "ఆ డోలక్ అయ్యగారికి ఇయ్యి. గుళ్ళో మూలనుంటే ఎవరన్నా కుర్రోడు నేర్చుకుంటాడు" అన్నాడు. అదే అతని క్షమాపణ అని నేను తీసుకొన్నాను.

ఆ సంఘము విడిచి నేను బదిలీపై వచ్చి కొన్ని సంవత్సరములైనది. అతని కుమారుడే ఇప్పుడు డోలక్ వాయించుచున్నాడని విన్నాను. మీ సంఘములో ఎవరి తాళమైనా తప్పిన యెడల, దయచేసి ముందు అడగండి. ఎప్పటినుండి తప్పుచున్నదని అడగండి. జవాబు చెప్పువరకు కూర్చొనండి.